వేరు తెగిన చెట్లు

నీరు లేక చెట్టు చచ్చుట అందఱు నెఱిగినదే. నీరు పోసి చెట్టును చంపవచ్చునని మాత్రము 2024వ సంవత్సరపు వేసవి వఱకు నేనెఱుగను. ఎఱుగకపోవుట పెద్ద తప్పు కాదు. ఎఱిగినవానివలె చేయిచేసుకొనుట తప్పు. ఆ తప్పు చేసి నేనొక బత్తాయిచెట్టును పోగొట్టుకొంటిని. దాని వెనుకనే పోవలసిన మామిడిని, త్రోపుడుబండిపై పండ్లమ్ముకొను ఒక పెద్దాయన దక్కించెను. జరిగినది జరిగినట్లు వ్రాసిన, వేసవిలో వీథి త్రవ్వుట చూచి దిగులుపడు చదువరి కెవ్వరికైన నుపయోగపడునేమో యని వ్రాయుచున్నాను.

మా యిల్లు కొత్తపేటలో, విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషనునకు నడచిపోదగిన దూరమున, నొక యిఱుకు సందులో నున్నది. మా పేట చిత్రమైనది. 1980లలో మొజంజాహీ మార్కెట్టునుండి పండ్ల బేరము తరలివచ్చినది మొదలు 2021 వఱకు, గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టను పేర, నాలుగు జిల్లాల మామిడియు, నల్లగొండ బత్తాయియు రాత్రికి రాత్రి లారీలపై నిచ్చటికే వచ్చి దిగెడివి. వేసవిలో దిల్‌సుఖ్‌నగరు దాటగానే మాగిన మామిడిపండ్ల వాసన బస్సులోనికి వచ్చెడిది. ఇన్ని పండ్లు తిని, అమ్మి, కుళ్ళినవానిని వీథిలో పాఱబోసిన యీ పేటలో పండ్లచెట్టున్న యిల్లు మాత్రము వెదకవలసినదే. నూరు గజముల స్థలములో గోడకు గోడ యానించి కట్టుకొన్న తరువాత చెట్టున కేది చోటు? నగర పరిసరములందు అనాబేషాహీ ద్రాక్షతోటలుండిన కాలమును తలచుకొను పెద్దలింకను ఉన్నారు; ఆ తోటలు మాత్రము లేవు. మార్కెట్టును బాటసింగారమునకు పోయినది.

మా ప్రహరీగోడకు వెలుపల, సందు ప్రక్కన, మూడడుగుల వెడల్పున మట్టినేల కొంచెము మిగిలియుండెను. అందు 2020లో నేనొక హిమాయత్ మామిడి యంటును, ఒక బత్తాయిని, ఒక జామను నాటితిని. ఆ నేల నాది కాదు, పురపాలకులది. ఇది ముందే చెప్పుకొనుట మంచిది. ఏలయన, తరువాత జరిగినదానికి గుత్తేదారునే తిట్టుచు పోయినయెడల నేను సగము సత్యమే చెప్పినవాడ నగుదును.

2024 ఏప్రిలు నడుమ మురుగుగొట్టములు మార్చుటకు మా సందు త్రవ్విరి. మనుష్యులు పాఱలతో త్రవ్వినచో కొంత మన్నన యుండెడిదేమో, వచ్చినది జేసీబీ. దాని యినుపపండ్లు మామిడి మొదటినుండి అడుగున్నర దూరమున నేలలో దిగి, వేళ్లను కోయక, పట్టి లాగినవి. వీథివైపు వేళ్లన్నియు పీచులు పీచులై కందకపు గోడనుండి వ్రేలాడినవి. బత్తాయి గతియు నంతే. జామనైతే మొదలంటనే విఱిచివైచినది. ఆ కందకము అయిదు దినములు నోరు తెఱచుకొని పడియుండెను. ఆ యెండలో బయటపడిన వేళ్లు తాటినారవలె ఎండుచుండగా, తడిగోనె యొకటి వానిపై కప్పవలెనన్న తెలివి నాకు పుట్టలేదు. తెగినదానికన్న ఎండినదే యెక్కువ నష్టమని తరువాత తెలిసినది.

చెట్టు నీరు త్రాగునది తల్లివేరుతోననియే నేను చిన్ననాటినుండి యనుకొనుచుంటిని. తల్లివేరు చెట్టును నిలువబెట్టునది. నీరు త్రాగునవి వెండ్రుకలవంటి సన్నని పీచువేళ్లు. అవి చాలవఱకు నేలపై పొరలో, అడుగు రెండడుగుల లోతులోనే, కొమ్మల నీడను దాటి దూరముగ ప్రాకియుండును. కనుక గోడ యొక ప్రక్క, కందకము వేఱొక ప్రక్క యున్న చెట్టు, చూచుటకు నిండుగ నిలిచియున్నను, నోరు కుట్టివేసిన మనిషివంటిది. ఆకులు మాత్రము ఎండలో యథాప్రకారము నీటిని ఆవిరిగా వదలుచుండును. రాబడి తఱిగి వ్యయము తఱుగని సంసారమువలె మధ్యాహ్నమునకు ఆకులు వ్రేలాడబడును.

ఆ వ్రేలాడుట చూచి నా ప్రాణము కొట్టుకొన్నది. గుత్తేదారు మనుష్యులు రాళ్లును, ఇటుకముక్కలును, సిమెంటు పెంకులును కలిపి కందకము పూడ్చి పోగానే, ఉదయము నాలుగు బకెట్లు, సాయంకాలము నాలుగు బకెట్లు చొప్పున పోసితిని. వ్రేలాడుట తగ్గలేదు. మధ్యాహ్నము మఱి రెండు బకెట్లు పోసితిని. ఎవరో బలము చాలదనగా గుప్పెడేసి యూరియా చల్లితిని. వేళ్లు తెగి నీరు పీల్చలేని చెట్టునకు ఉప్పువంటి ఆ యెరువు వేయుట, పుండుపై కారము చల్లినట్లే. పదిదినములలో బత్తాయి యాకులు పసుపువన్నెకు తిరిగి, దోనెలవలె ముడుచుకొని, ముట్టుకొన్న రాలినవి. మొదట బంక కారినది. అప్పుడును నాకు తోచిన మందు నీరే!

ఆ నీటి మాట చెప్పకుండ ముందునకు పోరాదు. మా పేటకు వచ్చునది కృష్ణాజలము. నాగార్జునసాగరమునుండి నూరు కిలోమీటర్లకు పైగా యంత్రములు త్రోయగా మెట్టుమెట్టుగా ఎక్కి వచ్చు నీరు. ఆ సంవత్సరము సాగరములో మట్టము పడిపోయి, ఏప్రిలులో అత్యవసరపు పంపులు పెట్టవలసివచ్చినది. బోరుబావులు ఎండినవి, సందు సందునను ట్యాంకరులు. మా యింట పాత్రలు తోమునామె యుండు బస్తీలో దినము విడిచి దినము, అదియు నొక గంట, నీరు వచ్చుచుండెను. ఒకనాటి సాయంకాలము నేను బత్తాయిపాదులో గొట్టము వదలి నిలుచుండగా నామె పని ముగించుకొని పోవుచు ఆగి, "సారూ, ఆ చెట్టుకు పోసే నీళ్లల్ల రెండు బిందెలు మాకియ్యరాదా? మా పోరి తానం చేసి మూడొద్దులాయె" అనెను.

నేను వెంటనే యియ్యలేదు. "చెట్టుకూడ ప్రాణమున్నదే గదమ్మా" అంటిని. ఆమె యేమియు ననలేదు, పోయెను. మాట నోటినుండి వెడలిన తరువాత దాని బరువు తెలిసినది. చెట్లపై దయ, జీవకారుణ్యము మొదలగు పెద్దమాటలు మనవంటివారి నాలుకపై సులభముగ నిలుచును. ఏ నీటితో ఆ దయ చూపుచున్నామో, ఎవరి వంతునుండి చూపుచున్నామో యను లెక్క మాత్రము తీయము. ఆ రాత్రి నిద్రపట్టలేదని చెప్పిన గొప్పగా నుండును గాని, నిద్ర పట్టినది. మఱునాటి యుదయమున గొట్టము చేతబట్టినప్పుడు మాత్రము చేయి వెనుకకు పోయినది.

ఆ యుదయముననే పెద్దాయన బండి మా సందులోనికి వచ్చెను. డెబ్బదికి దగ్గఱపడిన వాడు. మార్కెట్టు కొత్తపేటలో నున్నన్నినాళ్లును అందు హమాలీ. అది బాటసింగారము పోయిన తరువాత, అంత దూరము పోలేక, బండి పెట్టుకొనెను. అంతకుముందు నల్లగొండ ప్రక్క నాలుగెకరముల బత్తాయితోటకు యజమాని. ఈ సంగతి నాకప్పటివఱకు తెలియదు. బండి పెట్టిననాటినుండి ఆయన యొద్ద పండ్లు కొనుచు, బేరమాడుటకు మించి యొక్క మాట యడిగినవాడను కాను.

ఆయన బండి యాపి, బత్తాయి మొదట కూర్చుండి, వ్రేలితో మట్టి గీసి, ఒక వేరు పైకి లాగెను. నల్లబడియున్నది. రెండు వ్రేళ్లతో పట్టి లాగగా దాని తోలు ఒరవలె ఊడివచ్చినది. "వాసన చూడుండ్రి సారూ" అని నా ముక్కునొద్ద పెట్టెను. మురిగిన వాసన. "ఇది దూపకు వాడలే. దీనికి దమ్ము ఆడలే. నీళ్లల్ల ముంచి సంపిండ్రు."

వేళ్లును ఊపిరి పీల్చునని, మట్టిరేణువుల నడుమ గాలికి చోటుండవలెనని, ఆ చోటెల్ల నీటితో నిండినచో గాయపడిన వేళ్లను బూజుతెగులు పట్టుకొనునని పుస్తకములలో నున్నదే. బత్తాయికి ఆ బెడద మఱింత యెక్కువ. ఆకులు వాడుట నీరు లేమికిని గుఱుతే, నీరు మిక్కుటమగుటకును గుఱుతే. రెంటికిని ఒకే ముఖము. వ్రేలు జానెడు లోతున గ్రుచ్చి చూచిన తేడా తెలియును. ఆ వ్రేలు గ్రుచ్చుట యొక్కటే నేను చేయలేదు.

బత్తాయి పోయినదని తేల్చి ఆయన మామిడికడకు వచ్చెను. తరువాత రెండు పూటలు జరిగిన పని చెప్పెదను. మొదట పూడ్చిన రాళ్లు రప్పలన్నియు వేళ్లకు తగులకుండ చేతులతో తీసివేసితిమి. పీచులుగా చీలిన వేళ్లను పదునైన కత్తితో, లోపల తెల్లగ పచ్చిగ నున్న చోటు వఱకు, నునుపుగ కోసెను. నునుపుగ కోసిన చోట గాయము మానును, క్రొత్తవేళ్లును అచ్చటనుండియే పుట్టును. కోసిన లావుపాటి వేళ్లకు బోర్డో ముద్ద పూసితిమి. నూరు గ్రాముల మైలుతుత్తము కొంత నీటిలో, నూరు గ్రాముల సున్నము కొంత నీటిలో వేఱువేఱుగ ప్లాస్టికు బకెట్లలో కరగించి, మొత్తము లీటరగునట్లు కలిపిన నదియే. ఇనుప పాత్ర పనికిరాదు. ఈ మందు పుట్టుక తమాషా: ఫ్రాన్సులో బోర్డో పట్టణపు ప్రక్క ద్రాక్షతోటలవారు దారిన పోవువారు గుత్తులు దొంగిలింపకుండ తీగలపై తుత్తమును సున్నమును చల్లగా, ఆ దారిప్రక్క తీగలకు తెగులు రాకుండుట మిలార్దే యను పండితుడు కనిపెట్టి 1885లో లోకమునకు చాటెను. దొంగలకై చల్లినది తెగులుకు మందైనది.

పిమ్మట ఎఱ్ఱమట్టిలో బాగుగ చివికిన పశువులెరువు కొంచెము కలిపి పూడ్చి, మట్టికిని వేరుకును నడుమ బొఱ్ఱలు లేకుండ పాదముతో మెల్లగ నొక్కి, ఒక్కమాఱు మాత్రము నిండ తడిపితిమి. పాదుపై నాలుగంగుళముల మందమున మామిడిపెట్టెలలో వచ్చు వరిగడ్డి పఱచెను. ఆయన బండిక్రిందనే అది మూటకట్టి యుండెను. మొదలునకు తగులనీయక జానెడెడము వదలెను. తగిలిన చెదలు ఎక్కునట. మొదలునకు సున్నము పూసెను. పడమటివైపు రెండు కఱ్ఱలు పాతి గోనెపట్ట కట్టెను. తూర్పుదిక్కు తెఱచియే యుంచెను. ఉదయపుటెండ చెట్టునకు అన్నము, మధ్యాహ్నపుటెండ శత్రువు. మూడు వైపుల ఊతకఱ్ఱలు నాటి, పాత చీరపేలికలతో, కొంచెము కదలుటకు వీలుండునట్లు వదులుగ కట్టెను.

ఇంతవఱకు నేను మాఱుమాటాడలేదు. వేళ్లు సగము పోయిన చెట్టునకు తలయు సగము నఱకవలెనని యెక్కడనో చదివిన జ్ఞాపకమున ఱంపము తెచ్చితిని. ఆయన నా చేయి పట్టుకొనెను. "ఆగుండ్రి సారూ. ఆకు లేకుంటే వేరుకు బువ్వ ఎవరు పెడ్తరు?" ఎండిన పుల్లలును, అప్పుడే వచ్చిన ఎఱ్ఱని లేతచిగుళ్లును మాత్రము త్రుంచెను. తరువాత నేను చదివి చూచితిని. పూర్వపు తోటపుస్తకములు తల నఱకుమనియే చెప్పినవి. గడచిన యేబదియేండ్లలో వృక్షశాస్త్రజ్ఞులు పరీక్షలు చేసి ఆ నియమమును చాలవఱకు విడిచిపెట్టిరి. వేరు పుట్టుటకు ప్రేరకమగు ఆక్సిను కొమ్మల కొనలలోను లేతాకులలోను తయారగును. వేరు పెరుగుటకు వలయు చక్కెర ఆకులలో వండబడును. నర్సరీవారు పెఱికి నాటు మొక్కకు ఆకులు తగ్గింతురు; అది వేఱు సంగతి. నిలిచియున్న చెట్టును బోడిచేయుట వైద్యము కాదు.

కాయల విషయమున మాత్రము ఆయన దయ చూపలేదు. అది మా మామిడికి మొదటి కాపు. ఏడు కాయలు. మా మనుమరాలు దినమును బడినుండి రాగానే వానిని లెక్కపెట్టుచుండెడిది. "ఇవి ఉంటె చెట్టు ఉండది" అని ఆయన యేడింటిని త్రెంపి మా యావిడ కొంగులో వేసెను. నాడు మామిడికాయ పప్పు వండిరి. పిల్ల తినలేదు.

ఇక నీరు. నేను దినమునకు పది బకెట్లు పోసిన చెట్టునకు ఆయన వ్రాసియిచ్చిన చీటీ వంటి యాజ్ఞ యిది: అయిదు దినములకొకమాఱు, వ్రేలు గ్రుచ్చి చూచి, పొడిగ నున్ననే, రెండు బకెట్లు. తన తోట సంగతి అప్పుడు చెప్పెను. బోర్లు ఎండనారంభించిన యేడు ట్యాంకరు వచ్చిననాడు చెట్లను ముంచి, పదునైదు దినములు ఎండబెట్టి, మరల ముంచిరట. "నీళ్లు లేక సగం పొయినయి. భయానికి పోసి సగం సంపినం." ఈ మాట చెప్పునప్పుడు ఆయన నా వైపు చూడలేదు, కఱ్ఱకు కట్టిన ముడి సరిచేయుచుండెను.

కూలి యెంతయని యడిగి అయిదువందలు చేతిలో పెట్టగా మూడువందలు తీసికొని రెండువందలు తిరిగి యిచ్చెను. "కూలియ్యుండ్రి, బక్షీసొద్దు" అనెను.

ఆ దినమునుండి మిగిలిన నీరు పాత్రలు తోమునామెకు పోయినది. దీనిని నా యౌదార్యముగ నెవ్వరును భావింపకుందురు గాక! చెట్టునకు నీరు వలదని తేలిన తరువాతనే మనుష్యులకు నీరిచ్చిన వాడను నేను. బియ్యము కడిగిన నీరును, కూరలు కడిగిన నీరును కూడ చాలునని, అవసరమునకు మించి పోసినదంతయు నా భయమునకు పోసినదే గాని చెట్టునకు గాదని తెలిసినప్పుడు కలిగిన సిగ్గు, చెట్టు బ్రదికిన సంతోషమునకు తక్కువది కాదు.

మే 7వ తేదీ సాయంకాలము నగరమునంతను ముంచిన గాలివాన వచ్చినది. మా సందు చివర కానుగచెట్టొకటి కూలి రెండు స్కూటర్లపై పడినది. దాని మొదలు చూచితిని: కందకపువైపు వేరే లేదు. మా మామిడి ఊతకఱ్ఱలనుబట్టి ఊగెను గాని పడలేదు. ఇట్లు వేళ్లు తెగిన చెట్లు ఆ యేడు కాకున్న మఱుసటియేడు, గాలి వచ్చిననాడు, కూలుచుండును. నింద గాలిమీదికి పోవును. చెట్టు నఱకుటకు అనుమతి కావలెనని 2002నాటి చట్టమున్నది. కాని వేరు నఱికినవానిని చెట్టు నఱికినవానిగ నెవ్వరైన లెక్కించుట నేను చూడలేదు. 2015నుండి హరితహారమని కోట్ల మొక్కలు నాటిరి, ఫొటోలు తీసికొనిరి. వర్షములకు ముందే గొట్టములు వేయవలెనని వేసవిలో త్రవ్వుట తప్పనిసరియైన కానిండు. చెట్టున్నచోట పదియడుగుల మేర యంత్రము నాపి మనుష్యులచేత త్రవ్వించుటకు, గొట్టమును వేళ్ల క్రిందుగ దూర్చుటకు, బయటపడిన వేళ్లపై తడిగోనె కప్పి మఱునాటికి పూడ్చుటకు ఎంత వ్యయమగును? నలుగురు కూలీల దినవెచ్చము. నేనీ మాట ఆ పనివాండ్రతో నప్పుడు చెప్పలేదు, చెప్పవలెనని తెలియలేదు. తెలిసినయెడల వినియుండెడివారేమో, వారును పల్లెలనుండి వచ్చినవారే.

మే నడుమ మామిడి కొనలయందు ఎఱ్ఱని చిగుళ్లు వేసినది. నేను పరుగున పోయి పెద్దాయనకు చెప్పితిని. ఆయన సంతోషింపలేదు. "అది దాసుకున్న కూడు తింటున్నది సారూ. రోహిణి పోనియ్యుండ్రి." నిజమే, కాండములో నిలువయున్న పిండిపదార్థముతో చెట్టు కొన్నాళ్లు చిగిర్చును. క్రింద వేరు లేకున్న ఆ చిగురు నిలువదు. రోళ్లు పగులునని పేరుపడిన రోహిణికార్తె 25వ తేదీన ప్రవేశించినది. వడగాలికి సగము చిగుళ్లు మాడినవి. నీరు పోయవలెనని చేతులు తహతహలాడినవి. మా యావిడ గొట్టము దాచిపెట్టెను. వ్రేలు గ్రుచ్చి చూచిన క్రింద తడి యున్నది. గడ్డి తన పని తాను చేయుచున్నది. మృగశిర ప్రవేశించి, నగరమంతయు చేపలకై పరుగులు తీయుచున్న దినములలో, తొలకరి తరువాత వేసిన రెండవచిగురు నిలిచి ముదిరి పచ్చబడినది.

విఱిగిన జామ తనంతట తానే మొదటినుండి నాలుగు రెమ్మలు వేసినది. అది గూటియంటు గనుక, తన వేళ్లపై తానే నిలిచిన మొక్క. ఎచ్చట చిగిర్చినను జాతిజామయే. బత్తాయి యట్లు చిగిర్చినను లాభము లేదు. కట్టు క్రిందనుండి వచ్చునది రంగపూరు నిమ్మ. అదియును రాలేదనుకొనుడు.

మామిడికి మరుసటి రెండేండ్లు పూత త్రుంచుమని పెద్దాయన చెప్పినాడు. 2025లో త్రుంచితిని. మనుమరాలు తానే త్రుంచెదనని నిచ్చెనయెక్కి సగము త్రుంచినది. బత్తాయి యున్న చోట ఏమియు నాటలేదు. అచ్చటికి గోడలోనుండి యొక కొళాయి తీయించితిని. నీరు వచ్చు దినములలో తెల్లవాఱకముందే ఆమెవి ఆఱు బిందెలు అచ్చట వరుసగ నుండును; మొదటి బిందె నిండునప్పటి చప్పుడుకు నాకు మెలకువ వచ్చును.